మౌనసామి నోరు తెరిచిన రోజు

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డ దగ్గర మా ఊర్లో, కేసీ కాలవ గట్టు మీద బోదగడ్డి కప్పిన కొట్టంలో ఒక సామి ఉండేవాడు. అసలు పేరు ఎవరికీ తెలీదు. నేను పుట్టకముందు నుంచీ నోరు విప్పలేదంట. అందుకే అందరూ మౌనసామి అనేవాళ్లు.

బేస్తవారం వస్తే నంద్యాల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. టెంకాయ కొట్టి, కష్టం చెప్పుకునేవాళ్లు. సామి కండ్లు మూసుకుని విని, తల ఊపేవాడు... అంతే. ఆ ఊపుకు ఎవరికి కావలసిన అర్థం వాళ్లు చెప్పుకుని సంతోషంగా పోయేవాళ్లు.

మా జేజి, అంటే నాయనమ్మ, రోజూ పొద్దున్నే ఆయనకు పాలు తీసుకుపోయేది. ఆమె కొంగు పట్టుకుని నేను.

"మాట్లాడకుండా ఎట్లుంటాడు జేజీ?" అంటే, "నోటితో ఎవురినీ నొప్పించగూడదని మొక్కుకున్న్యాడంట లే" అనేది.

ఒకరోజు కాలవకు నీళ్లు నిండుగా వదిలినారు. కింద రేవులో అమ్మ బట్టలు ఉతుకుతోంది. పక్కన మూడేండ్ల మా చెల్లి ఆడుకుంటోంది. నేను, జేజి కొట్టం ముందర కూచున్నాం.

ఉన్నట్టుండి సామి లేచి నిలబడ్డాడు...

"పాప పడె... కాలవలో పాప పడె... పట్టుకోండప్పా..."

ఆ గొంతు ఎవరిదో మాకు ఒక క్షణం అర్థం కాలేదు. బొంగురుగా, ఎక్కడో లోపలి నుంచి పెళ్లగించినట్టు ఉంది. అమ్మ తిరిగి చూసేసరికే చెల్లి కొట్టుకుపోతోంది. దిగువన బర్రెలు కడుగుతున్న ఓబులేసన్న ఆ కేక విని ఒక్క దూకు దూకి జుట్టు పట్టి లాగాడు. గట్టున బోర్లా పడుకోబెట్టి వీపు మీద చరిస్తే, నీళ్లు కక్కి ఏడ్చింది. అమ్మ పరుగెత్తుకొచ్చి చెల్లిని తన కొంగులో చుట్టుకుంది. అవిటి కాలితో కుంటుకుంటూ వచ్చిన సామి కూడా ఏడుస్తున్నాడు.

సాయంత్రానికి, కొట్టం బాగోగులు చూసే రంగయ్య తల పట్టుకుని కూచున్నాడు. "ఎంత పనాయె సామీ. ఇన్నేండ్ల తపస్సు... ఏదన్నా ప్రాయశ్చిత్తం చేసి మళ్లా మౌనం పట్టండి" అన్నాడు.

సామి నవ్వాడు. "ఎవురికీ కీడు చేయగూడదనే గదప్పా నోరు కట్టుకుంటి. ఈ పొద్దు గమ్మునుంటే అదే కీడాయె. ఇంగ చాల్లే. ఆ మౌనానికి ఫలమేమన్నా ఉంటే ఆ పాపకు పోనీ."

ఆ తర్వాత సామి అందరితో మాట్లాడాడు. ఎంత మాటకారో అప్పుడే తెలిసింది... వానల గురించి, పశువుల గురించి, మా ఇంట్లో వండిన కూర గురించి. పిల్లలను చుట్టూ కూచోబెట్టుకుని ప్రహ్లాదుడి కథ చెప్పేవాడు.

బేస్తవారం వచ్చేవాళ్లకు మాత్రం ఇది నచ్చలేదు. కష్టం చెప్పుకుంటే, "ముందు తాగుడు మానప్పా" అనేవాడు. "మీ తమ్మునితో నువ్వే పోయి మాట్లాడు" అనేవాడు. మునుపటి మహిమ పోయిందన్నారు. మెల్లగా జనం పలచబడ్డారు. రంగయ్య కూడా రావడం మానేశాడు.

జేజి మానలేదు. అంతకుముందు సాములంటే పట్టని మా అమ్మ, చెల్లిని చంకనేసుకుని తనే పాలు తీసుకుపోవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తే దేవుడు కనపడతాడు సామీ?" అని ఒకసారి అడిగాను.

"ఎవురన్నా పిలిస్తే పలుకుమ్మా. ముందు అది చెయ్" అన్నాడు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆయన పోయాడు. కొట్టం ఉన్నచోటే సమాధి కట్టారు.

మొన్న చెల్లితో కలిసి పోయాను. బోద కొట్టం లేదు... పాలరాయి పరిచారు, రోడ్డు మీదికి పెద్ద ఆర్చీ కట్టారు. బేస్తవారం కదా, నిలబడేదానికి చోటు లేదు. అందరూ కండ్లు మూసుకుని తమ కష్టాలు చెప్పుకుంటున్నారు.

సామి ఇప్పుడు తిరిగి ఏమీ చెప్పడు... అందుకేనేమో, పోయిన జనమంతా తిరిగి వచ్చారు.

మీ ఊరి పక్క కూడా ఇట్లాంటి పెద్దమనిషి ఎవరన్నా ఉండి ఉంటే, ఆయన మీతో అన్న మాట ఒక్కటి కింద రాయండి... మా చెల్లికి కూడా చదివి వినిపిస్తాను.