ఇంకొక్క చుట్టు

మా ఆయన బిగించిన మూతను ఆయన కూడా తీయలేరు. ఇది గోరంతను కొండంత చేసి చెప్పడం కాదు, ఇరవై రెండేళ్ళ కాపురం చెప్పిస్తున్న మాట. కుళాయి కట్టినా, చక్కెర డబ్బా మూసినా చివర్లో పళ్ళు బిగబట్టి "ఇంకొక్క చుట్టు" అంటారు. ఒకసారి మా అమ్మాయి టిఫిన్ డబ్బా బడి నుంచి పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. తరగతి మొత్తం ప్రయత్నించాక ఆటల మాస్టారు కూడా చేతులెత్తేశారట. మా ఆయన చిన్న ఇంజన్లు బాగుచేస్తారు. మా వీధిలో ఆయన అసలు పేరు చెబితే ఎవరికీ తెలియదు, "ఇంకొక్క చుట్టు మెకానిక్" అంటే పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

మొన్న ఆదివారం మా తమ్ముడు తన గడ్డి కోసే యంత్రం తెచ్చి వరండాలో దించాడు. ఇంజన్ మూత దగ్గర నూనె కారుతోంది.

"బావా, మూత కింద పాడైన ప్యాకింగు మార్చి బిగిస్తే చాలు. నాలుగింటికొస్తా. బోల్టు మాత్రం విరగ్గొట్టకు. విరిగిందో, ఊరంతా టముకేస్తా!"

బావమరిది నవ్వుతూనే అన్నాడు గానీ మా ఆయనకు ఎక్కడో కాలింది. "ముప్పై ఏళ్ళ చెయ్యి నాది. వాడా నాకు చెప్పేది?" అని వంటింటి దాకా వచ్చి మరీ అన్నారు.

మూడు బోల్టులు బుద్ధిగా కూర్చున్నాయి. నాలుగోదీ కూర్చుంది. ఈయన ఊరుకుంటేగా! "ఇంకొక్క..." అన్నారు. "చుట్టు" అనేలోపే టప్పుమంది. బోల్టు తల పానాలో, మొండెం ఇంజన్లో.

అప్పటికి రెండయింది. నూనె పోశారు. సుత్తితో కొట్టారు. ఆ బోల్టునీ, దాన్ని చేసినవాణ్ణీ, వాడి వంశాన్నీ తిట్టారు. చివరికి సన్న ఉలిని మొండెం అంచున ఆనించి తట్టడం మొదలుపెట్టారు. మొండెం కదిలింది. కదిలింది గానీ, దెబ్బదెబ్బకీ ఇంకా లోపలికే దిగుతోంది.

"ఏమండీ, ఎటు తిప్పుతున్నారు?"

"విప్పుతున్నానే!"

"అది బిగింపు."

కంగారులో చెయ్యి దాని అలవాటు ప్రకారం అది పోయింది. ఆయన ఉలి కింద పెట్టి మెట్టు మీద కూలబడ్డారు. గడియారం మూడున్నర చూపిస్తోంది.

"వాడొచ్చి చూస్తే నా పరువేం కానే?"

అప్పటిదాకా లోపల్లోపల నవ్వుకుంటున్నదాన్ని, ఆ గొంతు వినగానే నవ్వాగిపోయింది. "కాస్త పక్కకు జరగండి," అన్నాను.

నాకు ఇంజన్ల గురించి ఓనమాలు రావు. ఆయన బిగించినవి విప్పడం మాత్రం వచ్చు. వేడినీళ్ళలో ముంచిన గుడ్డను చక్కెర డబ్బాకి చుట్టినట్టే కన్నం చుట్టూ కప్పి వంద లెక్కపెట్టాను. తర్వాత ఉలిని ఎడమవైపుకి ఆనించి, పసిబిడ్డను జోకొట్టినంత మెల్లగా తట్టాను. తల లేని మొండెం తలెత్తింది. పట్టకారుతో తిప్పితే వచ్చేసింది. కొత్త బోల్టు కూడా నేనే బిగించాను. "ఇంకొక్క..." అని వెనక నుంచి వినబడింది. తిరిగి చూశాను. ఆయన నోరు మూసుకున్నారు.

నాలుగింటికి తమ్ముడొచ్చి తాడు లాగాడు. ఒక్క లాగుకే ఇంజన్ అందుకుంది. బోల్టులన్నీ వేలుపెట్టి లెక్కపెట్టుకున్నాడు.

"బావా! ఒక్కటీ విరగలేదే!"

ఆయన నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను. ఇంట్లో ఎన్నైనా అంటాను గానీ, తమ్ముడి ముందు మొగుణ్ణి తక్కువ చేయడం నావల్ల కాదు.

"మరేమనుకున్నావురా?" అన్నారాయన, విరిగిన బోల్టు తలను జేబులో గట్టిగా పట్టుకుని.

మర్నాడు పొద్దున టీ పెట్టబోతూ చక్కెర డబ్బాని మూత పట్టుకుని ఎత్తాను. ఎప్పుడూ అలాగే ఎత్తుతాను. మా ఇంట్లో మూత ఊడడమనేది ఉండదు కదా! ఆరోజు ఊడింది. కిలో చక్కెర నేలపాలైంది.

చప్పుడుకి ఆయన గుమ్మంలోకొచ్చి తెల్లమొహం వేశారు.

"నీకు తీయడం కష్టమని... రాత్రి వదులుగా పెట్టానే."

ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. చీపురు మాత్రం ఆయన చేతికే ఇచ్చాను.