కొండ అనని శ్రీశైలమ్మ

మా పెద్దమ్మ శ్రీశైలమ్మకు నల్లమలలో తెలియని చెట్టు లేదు. గిద్దలూరు దాటాక అడవి అంచున ఉన్న పల్లె ఆమెది. కొండగోగు బంక ఏరి సంతకు తెచ్చేది. పశువుకు కడుపుబ్బితే ఆకు నూరి పోసేది. చదువు మాత్రం సున్నా. ఆ సున్నా ముందు పెద్ద చదువులవాళ్లు ఎలా తెల్లబోయారో మా అమ్మ కళ్లారా చూసింది. ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు.

పెద్దమ్మ మొగుడి పేరు కొండయ్య. పేరు పెట్టినవాళ్లకేం, పెట్టి ఊరుకున్నారు. అనుభవించింది పెద్దమ్మ. మొగుడి పేరు నోటితో అనకూడదు కదా! చుట్టూ కొండలే ఉన్న చోట కాపురం చేస్తూ, కొండ అనే మాట అనకుండా బతికింది. దాని బదులు గట్టు అనేది. కొండమామిడి గట్టుమామిడి అయింది, కొండచిలువ గట్టుచిలువ అయింది. చేలో కొండముచ్చులు పడితే "గట్టుముచ్చులొచ్చినాయి, రాండి!" అని కేకలు పెట్టేది. ఊరికి ఇది అలవాటే. ఎవరూ నవ్వేవారు కూడా కాదు.

1937లో చెన్నపట్నం నుంచి కరుణాకరం అనే కుర్ర పరిశోధకుడు దిగాడు. యూనివర్సిటీ తరఫున, సర్కారు స్కాలర్‌షిప్పు మీద, నల్లమల మొక్కలకు ఇక్కడివాళ్లు ఏ పేర్లు పెట్టుకున్నారో, వాటిని దేనికి వాడతారో రాసుకోవడానికి వచ్చాడు. ముందు ఒక ఏడాదికే ఇచ్చారు. పని బాగుంటేనే రెండో ఏడు. మంచివాడు. కాలిలో ముల్లు దిగితే, పీకే ముందు అది ఏ చెట్టుదో అడిగేవాడు. పెద్దమ్మను అత్తా అన్నాడు, పెదనాన్నను మామా అన్నాడు. ఊళ్లో కూడా పెదనాన్నను అన్నా, మామా, తాతా అని పిలిచేవాళ్లే గానీ పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఏడాది పొడుగునా ఆ ఇంటి జొన్నరొట్టె తిన్నాడు గానీ ఆ ఇంటాయన పేరు అతనికి తెలియలేదు.

ఇంకొకరిని అడగకుండా పెద్దమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడు. గట్టుగోగు, గట్టుపిండి, గట్టుతంగేడు. అంతటితో ఆగితే బాగుండేది. చదువుకున్నవాడు కదా, ఆగలేదు. 'ఈ నల్లమల తాలూకాల్లో కొండ అనే మాట వాడుకలో లేదు' అని రిపోర్టులో ఒక పేజీ దంచాడు.

ఆ పేజీ చూసి ప్రొఫెసరు ప్రభాకరరావు స్వయంగా బయల్దేరి వచ్చాడు. రైలు దిగి ఎద్దులబండిలో వస్తూ దారిలో కనబడిన వాళ్లనల్లా అడిగాడు. బండి తోలేవాడు కొండగోగు అన్నాడు. గొర్రెలు కాసేవాడూ కొండగోగే అన్నాడు. గట్టుగోగు అన్నవాడు ఒక్కడూ తగల్లేదు.

పెద్దమ్మ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఆయన తేల్చేశాడు. "ఇవి అడిగి రాసిన పేర్లు కావు కరుణాకరం, కూర్చుని అల్లినవి. రెండో ఏడు ఇవ్వమని నేను రాయలేను."

కరుణాకరం మొహం మాడిపోయింది. "అత్త చెప్పిందే రాశాను సార్."

"అయితే ఆమెకే తెలియదు."

పెద్దమ్మకు ఒళ్లు మండింది. "ఏంది సామీ, నాకు తెల్వదా? ఈ బిడ్డ నేను చెప్పిందే రాసినాడు. అసలు పేరు నేను అనగూడదు, అంతే."

"ఎందుకు అనకూడదు?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ ఉండబట్టలేక అందుకుంది. "మా బావ పేరే అది సార్! కొండయ్య!"

కరుణాకరం నోరు తెరిచాడు. "మామా, నీ పేరు కొండయ్యా?"

"నువ్వెప్పుడన్నా అడిగితివా అల్లుడా?" అన్నాడు పెదనాన్న.

ప్రొఫెసరు నవ్వు ఆపుకున్నాడు గానీ పట్టు విడవలేదు. "పక్కవాళ్లు చెబితే కుదరదు. నోటుబుక్కులో ఈమె పేరుంది. అసలు పేర్లు ఈమే చెప్పాలి. లేదంటే ఏడాది పనీ కొట్టేయాల్సిందే."

పెద్దమ్మ కరుణాకరం కాళ్లకేసి చూసింది. ఏడాదిపాటు తన వెనక ముళ్లల్లో తిరిగి గీరుకుపోయిన కాళ్లు. మొగుడి వైపు చూస్తే ఆయన ఇంటికప్పు చూస్తున్నాడు. ఇక కళ్లు గట్టిగా మూసుకుని అనేసింది.

"కొండగోగు!"

"ఆఁ!" అన్నాడు పెదనాన్న, పిలిచారనుకుని.

వాకిలి గొల్లుమంది. పెద్దమ్మ ఆగలేదు. "కొండమామిడి!" "ఆఁ!" "కొండపిండి!" "ఆఁ!" కొండతంగేడు, కొండఈత, కొండవేప వరస కట్టాయి. ఊపులో కొండముచ్చు కూడా అనేసింది. అది చెట్టు కాదని ప్రొఫెసరు అనేలోపే పెదనాన్న దానికీ ఆఁ అన్నాడు.

ప్రొఫెసరు కడుపు పట్టుకుని నవ్వాడు. గట్టు అన్న మాట కొట్టేస్తున్న కరుణాకరం చేయి పట్టుకున్నాడు. "కొట్టేయకు. కొండ పక్కన గట్టు కూడా ఉండనీ. ఎందుకు వచ్చిందో అదీ రాయి. రెండో ఏడు ఇవ్వమని నేను రాస్తాను."

పెద్దమ్మ చెమటలు కక్కుతూ చతికిలబడి, "అమ్మయ్య! ఇంగ అననంటే అనను" అని చెంపలు వాయించుకుంది. అందరూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పెదనాన్న మాత్రం నవ్వు మాని, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూ ప్రొఫెసరు దగ్గరికి వచ్చాడు.

"పెండ్లినాడు గడపకాడ ఒక్కసారి నా పేరు చెప్పిచ్చినారు సామీ. ముప్పైయేండ్లకి మళ్లా ఈ పొద్దే ఆ నోట వింటి. ఇంకా ఏదన్నా చెట్టు మిగిలిందేమో అడగండి."