మేడం, మిషన్, అమ్మ

మా కంప్యూటర్ మేడం పోయారని పోయినవారం బ్యాచ్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను ఆఫీసులో ఎవరిదో కంప్యూటర్ బాగుచేస్తున్నాను. "నిద్రలోనే పోయారటే" అంది. ఫోన్ పెట్టేశాక చేస్తున్న పని ఏమిటో కాసేపు గుర్తు రాలేదు.

రెండువేల సంవత్సరం దాటాక గుంటూరు బ్రాడీపేటలో మెట్లెక్కిన ప్రతి మేడ మీదా ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. మాది వాటిలో కాస్త బీద సెంటర్. మేడం ఎప్పుడూ నేత చీరే కట్టేవారు. పాఠం చెప్పేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. మా చేతిలోంచి మౌస్ ఎన్నడూ లాక్కోలేదు. తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకుని, చేశాక "చదివి నొక్కావా, నొక్కి చదివావా?" అనేవారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లల్ని నేనూ అదే అడుగుతున్నాను, వాళ్ళకూ మండుతూనే ఉంటుంది.

ఉన్న నాలుగు కంప్యూటర్లనీ మేము పాడుచేయకుండా ఆవిడ ఒక ఉపాయం చేశారు. కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టారు. దాన్ని ఎన్నిసార్లు చెడగొట్టినా అసలుదానికి ఏమీ కాదు. వర్చువల్ మిషన్ అన్నారు. మేము మిషన్ అనేవాళ్ళం.

కొంప ముంచింది ఆ మాటే. ఒకరోజు హాస్టల్ ఫోన్లో అమ్మతో "ఈ నెలంతా మిషన్ నేర్చుకుంటున్నాం" అన్నాను. మా వైపు మిషన్ నేర్చుకోవడమంటే జాకెట్లు కుట్టడం. మర్నాడు పొద్దున్నే, మిరపకోతలు వదిలేసి, ఖాళీ సంచీతో అమ్మ సెంటర్‌లో దిగింది. సంచీ నా బట్టలకని చూడగానే తెలిసింది.

"కంప్యూటరని చెప్పి మిషన్ నేర్చుకుంటన్నావంటగా? అదేదో మనూళ్ళోనే నేర్పుతారు. దానికి గుంటూరెందుకు, హాస్టలెందుకు? పద ఇంటికి."

ఆ రోజు ఊరెళితే మళ్ళీ గుంటూరు రావడం కల్ల. మా నాన్నను ఒప్పించడానికే ఏడాది పట్టింది మరి.

మేడం నవ్వలేదు. అమ్మకు కుర్చీ వేసి, టీ తెప్పించి, "మిషన్ చూసే వెళ్ళండి" అన్నారు.

అమ్మ తెర వంక చూసి, "ఇది టీవీగా. మిషనేదండీ?" అంది.

"లోపలుందండి."

నేను మిషన్ ఆన్ చేశాను. అది కదల్లేదు. ముందురోజే మా సెంటర్ ఓనరుగారు ఎవరో చెప్పారని కొత్త యాంటీవైరస్ వేయించారు. మిషన్ సరుకంతా ఒకే పెద్ద ఫైలులో ఉంటుంది. మిషన్ అందులో ఏ ముక్క ముట్టుకున్నా యాంటీవైరస్ అడ్డుపడి తనిఖీ చేస్తోంది. అమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "నాకు తెలీదనుకుంటన్నారు మీరిద్దరూ" అని లేచింది.

"యాంటీవైరస్ కాపలా తీసెయ్యి" అన్నారు మేడం నాతో. "మొత్తం కాదు, మిషన్ ఉన్న ఆ ఒక్క ఫోల్డర్‌కే. చదివి నొక్కు."

చదివి, నొక్కాను.

అమ్మ నిలబడిపోయింది. "కాపలా తీస్తే దొంగలు పడరా?"

"ఇంటి కాపలా అట్టాగే ఉందండి. ఈ గదిలో ఏవుందో మనకు తెలుసు, పెట్టింది మనమే. పైగా లోపల దాని కాపలా దానికుంది. మనం మాటిమాటికీ తలుపు తీసి చూస్తుంటే అది పనెట్టా చేసుకుంటది?"

తెర మీద మిషన్ మేలుకుంది. ఒక కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్, బుద్ధిగా. అమ్మ దాన్ని చూడలేదు. నన్నే చూస్తోంది. నేను తల దించుకున్నాను.

"లోపల దాని కాపలా దానికుందా?" అని మళ్ళీ అడిగింది.

"ఉందండి. నేను రోజూ చూస్తున్నాగా" అన్నారు మేడం.

"అయితే ఉండనీండి."

ఉండనిమ్మన్నది మిషన్‌ను కాదు. అది మేడంకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఆవిడ నాకు ఇప్పించిన భిక్ష. దాని మీదే ఇవాళ నా బతుకంతా నడుస్తోంది. ఆవిడ ఉండగా ఈ మాట చెబితే "పని చూసుకో" అనేవారు, అందుకే చెప్పలేదు.

అమ్మను బస్టాండ్‌లో ఎక్కించడానికి మేడం కూడా వచ్చారు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగి ముగ్గురం ఒకటే తుమ్ములు. అమ్మ ఎప్పుడొచ్చినా బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు తిరిగేదాకా జాగ్రత్తలు చెబుతూనే ఉండేది. నేను ఆ కిటికీకేసి చూస్తూ నిలబడ్డాను. బస్సు కదిలింది. అమ్మ పక్కనున్న ఆవిడతో ఏదో కబుర్లలో పడింది, ఖాళీ సంచీ ఒళ్ళో పెట్టుకుని. మలుపు తిరిగేదాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.