తువ్వాల కింద అరవై రెండు

మొన్న శనివారం పెబ్బేరు సంతలో ఒక ఎద్దుకు రెండేళ్ల వయసు తగ్గిస్తుండగా జేబులో ఫోన్ మోగింది. దాని పళ్లు చూస్తే వయసు ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ మానవపాడు నుంచి వచ్చిన ఆ రైతు ఎద్దు నోటి వైపు కాకుండా నా నోటి వైపే చూస్తున్నాడు. నా బతుకంతా అట్లాంటి వాళ్ల దయే. ఫోన్ చేసింది వనపర్తి కాలేజీ గుమాస్తా. బీరువాలు ఖాళీ చేస్తున్నారట, ఎవరూ తీసుకుపోని సర్టిఫికెట్లు కొన్ని మిగిలాయట, ఒకదాని దరఖాస్తులో నా నంబరు ఉందట. మా వదిన పేరు చదివి, ఆమే వచ్చి సంతకం పెట్టాలన్నాడు. ఆమె వచ్చే వీల్లేదన్నాను. ఎందుకని అడిగితే చెప్పాను. "అయితే మీరే రాండ్రి సార్" అన్నాడు. నేను ఫోన్ జేబులో పెట్టుకుని, ఏమనుకున్నానో ఏమో, ఎద్దు అసలు వయసు రైతుకు చెప్పేశాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఇదేదో కొత్త రకం మోసం అనుకుని, తాడు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నేను పశువుల సంతలో దలాలీని. ముప్పై ఏళ్లుగా ఆ సంతలో నేను చెప్పిన దేనికైనా జనం రెండు తీసేసి వింటారు. నాకూ ఆ సంగతి తెలుసు కనుక ముందే రెండు కలిపి చెప్తాను. ఎవరికీ నష్టం లేదు. ఇంట్లో మాత్రం నా కథలకు దొరికిన మనిషి మా వదిన, అంటే మా అన్నయ్య భార్య. ఒకసారి కలెక్టరాఫీసు నుంచి వచ్చినట్టు నేనే ఒక మెసేజ్ తయారుచేసి ఆమెకు చూపించాను: మీ సేవలకు మెచ్చి సన్మానం చేస్తాం, రేపు పొద్దున్నే రండి అని. పాపం, పట్టుచీర కట్టుకుని బస్టాండు దాకా నడిచింది. వెనకాల పరిగెత్తి నిజం చెప్తే అక్కడే బల్ల మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి చివరకు, "ఇగ నీ ఫోన్ల దేవుడు కనబడ్డా నేను దండం పెట్ట మరిదీ" అంది. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

అన్నయ్య పోయాక ఆమె ఒక దవాఖానలో కాంట్రాక్టు కొలువులో చేరింది. పొద్దున ఎనిమిదింటికి చీటీల కిటికీ వెనక కూర్చుంటే మధ్యాహ్నం ఒంటి గంట దాకా లేచేది కాదు. పేరు, ఊరు, వయసు, ఏం బాధ. అడగడం, కంప్యూటర్లో కొట్టడం, చీటీ తీసి ఇవ్వడం. పదకొండేళ్లు అదే పని. పిల్లలు లేరు. ఆ కిటికీనే ఆమె ఇల్లనుకున్నాను నేను. అట్లాంటి కిటికీ మీదికి ఒక రోజు కాగితం వచ్చింది: కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ లేని వాళ్ల కాంట్రాక్టు ఇక కొనసాగదని. పదకొండేళ్లుగా కంప్యూటర్ మీద పనిచేస్తున్న మనిషిని నీకు కంప్యూటర్ వచ్చా అని అడిగారు. ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు వచ్చి, వనపర్తిలో కమ్యూనిటీ కాలేజీ అని పెట్టారు, ఆరు నెలలు ప్రోగ్రామింగ్ నేర్పుతారు, పదో తరగతి పాసైతే చాలు, వయసుతో పని లేదు, నువ్వు కూడా రావాలి అంది. ఆ పిల్లల మధ్య ఒక్కదాన్నే కూర్చోలేనంది. సంత శనివారం మాత్రమే కదా, మిగతా రోజులు నువ్వు చేసేదేముంది, అరుగు మీద అబద్ధాలు చెప్పడం తప్ప, అని కూడా అంది. అందులో అబద్ధమేమీ లేదు కనుక చేరాను.

కాలేజీ అంటే పెద్ద కాలేజీ వెనకాల రెండు గదులు. అందులో పన్నెండు కంప్యూటర్లుండేవి, నాలుగు పనిచేసేవి. నాలుగు కాదు, మూడు. పాఠం చెప్పే మేడం తెలకపల్లి నుంచి వచ్చేది. బట్టల దుకాణం సాయెబు గారి బిడ్డ, పాతికేళ్లుంటాయి, నెత్తిన కండువా ఎప్పుడూ జారనిచ్చేది కాదు. వదినను అమ్మా అనీ నన్ను చాచా అనీ పిలిచేది. మూడు యంత్రాలతో ఇరవై మందికి ఎట్లా నేర్పాలో తెలియక ఆ పిల్ల ఒక ఉపాయం చేసింది. మమ్మల్నే కంప్యూటర్‌గా కూర్చోబెట్టింది. ఒక్కొక్కరు ఒక్కో డబ్బా. డబ్బాలో ఒక అంకె చెవిలో చెప్పి దాస్తుంది. బోర్డు మీద రాసిన వరుస ప్రకారం అంకెలు మారుతుంటాయి. చివరికి అడిగినప్పుడు మన డబ్బాలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రాసుకోకూడదు. నాకు ఏడు ఇచ్చి పది నిమిషాల తర్వాత అడిగింది. తొమ్మిది అన్నాను. ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పటికీ తెలియదు. అలవాటు కొద్దీ వచ్చి ఉంటాయి. ప్రోగ్రామ్ మొత్తం తప్పింది. మేడం సుద్దముక్క కింద పెట్టి, "చాచా, మీరు డబ్బా గాదు, దలాలీ. జర పక్కకు కూసోండ్రి" అంది. గది మొత్తం నవ్వింది, అందరికన్నా ముందు వదిన. ఆమె డబ్బాలో వేసింది మాత్రం ఒక్కనాడూ చెదరలేదు. ఎంత పెద్ద లెక్కయినా, మధ్యలో ఎన్నిసార్లు మారినా, అడగగానే చెప్పేది. మేడం ఆశ్చర్యపోయేది. ఆ కిటుకు నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే అది నేను నేర్పిందే.

సంతలో బేరం నోటితో చెయ్యం. చుట్టూ పదిమంది వింటారు కనుక అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఒక తువ్వాల కింద కలుస్తాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు. చెయ్యి పట్టి, వదిలి, మళ్లీ ఒక వేలు పడితే ఆరు. అరచేతిలో ఒక తట్టు తడితే పదులు అయిపోయాయి, ఇక ఒకట్లు అని. పైన మొహాలు వాన గురించి మాట్లాడుతుంటాయి, కింద వేళ్లు పని చేసుకుపోతాయి. ఇష్టం లేకపోతే చెయ్యి తీసేస్తాం. ఒప్పుకుంటే బొటనవేలు నొక్కుతాం. నొక్కాక అయిపోయినట్టే, కుదిరిన అంకెను మళ్లీ తెరవడం మా సంతలో లేదు. వనపర్తి బస్సులో పక్క పక్క సీట్లలో కూర్చుని ఇదంతా నా చెయ్యి నేనే పట్టుకుని ఆమెకు చూపించాను. ఆమె తన చెయ్యి తాను పట్టుకుని కొంగు కింద నేర్చుకుంది. తరగతిలో తన డబ్బా అంకెను అట్లా వేళ్లలో దాచుకునేది. ఒక రోజు బస్సులో అడిగింది, మొదట పట్టిన అంకెకే ఎవరైనా ఒప్పుకుంటారా అని. నేను పెద్ద పండితుడిలా చెప్పాను: "మొదటి అంకె ఎవ్వరు నమ్మరు వదినా. అది అడిగే ధర. తగ్గించి పట్టాలె. ఆఖరికి కుదిరిందే నిజం." ఆమె తల ఊపింది. ఇంకే పాఠం ఆమె అంత శ్రద్ధగా వినలేదనుకుంటాను.

మూడో నెలలో కడుపు పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. గ్యాస్ అనేది, మాత్ర వేసుకునేది. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరని భయం. ఒక్క రోజు కూడా మానలేదు. పొద్దున ఊరందరి బాధలకు చీటీలు తీసే మనిషి తన పేరు మీద ఒక్క చీటీ తీసుకోలేదు. ఒక మధ్యాహ్నం బస్టాండులో నొప్పి తట్టుకోలేక స్తంభానికి ఆనుకుని, "ఇయ్యాల నాతోని కాదు మరిదీ, దవాఖానకు పోదామా" అంది. నేనేం చేశాను? కథ చెప్పాను. మా సంతలో ఒక కోడె కడుపునొప్పితో పొర్లుతుంటే దాని ముందు ఒక ముసలాయన కూర్చుని పక్క ఊరి పెళ్లి భోజనం గురించి వర్ణించాడనీ, వినీ వినీ కోడెకు ఆకలేసి లేచి నిలబడి ఆయన తలపాగా తినేసిందనీ. ఆమె నవ్వింది. నవ్వు ఆగేలోపు బస్సు వచ్చింది. ఎక్కాం. ఆ రోజు తరగతిలో కూడా ఆమె అంకె తప్పలేదు. ఆ కథ నేను మళ్లీ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిస్తే స్తంభానికి ఆనుకున్న మనిషే కనిపిస్తుంది.

పరీక్ష రాసిన వారానికి కళ్లు పచ్చబడ్డాయి. హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు సినిమా వాడిలా కిటికీలోంచి బయటికి చూడలేదు, గొంతు తగ్గించలేదు. గడ్డ కాలేయం దాకా పాకింది, నాలుగు నెలలు ముందొస్తే ఏమన్నా చేసేవాళ్లం, ఇంటికి తీసుకుపోండి అన్నాడు. నేను వేళ్ల మీద లెక్క వేశాను. ఆ బస్టాండు మధ్యాహ్నం నాలుగు నెలలకు కొంచెం ఇటే. ఆ కొంచెంతో బతికేదా లేదా అని అడగలేదు. అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

తెచ్చి ఆమె పనిచేసిన దవాఖానలోనే పెట్టాం. మంచం మీది నుంచి చూస్తే వసారా చివర ఆ చీటీల కిటికీ కనబడేది. దాని వెనక ఎవరో కొత్త పిల్ల. మా ఇంటావిడ జావ తెచ్చి తాగిస్తుంటే వదిన అటే చూసేది. ఇద్దరం ఉన్నప్పుడు ఒకటే అడిగేది: "రిజల్టొచ్చిందా? పాసైతే నా సీట్ల నన్నే కూసోపెడ్తరు గదా." పాసవడమంటే ఆమెకు లేచి ఆ కిటికీ దాకా నడవడం. ఏం బాధో ఆమెకు మేమెవరమూ చెప్పలేదు. పదకొండేళ్లు చీటీల మీద అదే రోగం పేరు కొట్టిన మనిషికి తెలియకుండా ఉంటుందా, అదీ నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం మేడం నుంచి మెసేజ్ వచ్చింది. వదినకు అరవై రెండు. నాకు ముప్పై ఎనిమిది. నలభై వస్తేనే పాసు. పది దాకా అంకెలు చూపించే ప్రోగ్రామ్ రాయమంటే నాది పన్నెండు దాకా పోయిందట. నేను మంచం దగ్గరికి నడిచాను, కాదు, ఉరికాను. పాసైనవ్ వదినా, అరవై రెండు అన్నాను. కళ్లు తెరిచి నన్నే చూసింది.

"నీకెన్ని?"

"ముప్పై ఎనిమిది. ఫెయిలైన."

పెదాలు మెల్లగా విచ్చుకున్నాయి. "మంచిగ అల్లినవ్ మరిదీ. నువ్వు ఫెయిలైనట్టు గూడ పెట్టినవ్ సూడు, గదే నీ తెలివి."

ఒట్టేశాను. ఫోన్ చూపించాను. ఆమె ఫోన్ వైపు చూడనే లేదు. పట్టుచీర కట్టుకుని బస్టాండు దాకా నడిచిన మనిషి ఎందుకు చూస్తుంది? నిజమే చెప్తున్నానన్నాను. "నువ్వు నిజమంటేనే నాకు బుగులైతది" అని కళ్లు మూసుకుంది. మేడంకు ఫోన్ చేశాను, తరగతిలో ఉన్నట్టుంది, ఎత్తలేదు. వదిన మొహం కిటికీ వైపు కాకుండా గోడ వైపు తిరిగింది. ముప్పై ఏళ్లు కలుపుతూ పోయిన రెండూ రెండూ అన్నీ వచ్చి ఆ మంచం చుట్టూ నిలబడ్డట్టయింది నాకు.

అప్పుడు భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతి మీద కప్పాను. కింద నుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చిన ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ఎండుపుల్లల్లా ఉన్నాయి వేళ్లు. చెయ్యి మొత్తం పట్టాను. వదిలాను. ఒక వేలు పట్టాను. అరచేతిలో తట్టాను. రెండు వేళ్లు పట్టాను. అరవై రెండు. నోరు అబద్ధమాడినా వేళ్లు ఆడవని ఆమెకు తెలుసు కదా అనుకున్నాను. ఆమె కళ్లు తెరవలేదు. కాసేపటికి ఆ ఎండుపుల్లలు కదిలాయి. నా వేళ్లను వెతుక్కుని, ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు నాలుగు వేళ్లు పట్టుకుంది. అరచేతిలో ఒక తట్టు. తర్వాత ఏమీ లేదు.

నలభై.

నేను నేర్పిన పాఠమే. మొదటి అంకె అడిగే ధర, తగ్గించి పట్టాలి. మళ్లీ అరవై రెండు పట్టాను. ఆమె మళ్లీ నలభైకే వచ్చింది, ఈసారి ఇంకా మెల్లగా. అంత వద్దు మరిదీ, పాసైతే సాలు అన్నట్టు. చెయ్యి తీసేస్తే బేరం చెడినట్టు, ఫెయిలయ్యాననుకుంటుంది. ఇంకోసారి పట్టడానికి ఆమెలో ఓపిక లేదు. బొటనవేలు నొక్కాను. ఆమె ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ సాయంత్రం మొహం మళ్లీ కిటికీ వైపు తిప్పి, కొత్త పిల్ల చీటీలు లేటుగా తీస్తుందని మా ఇంటావిడతో చెప్పిందట. నాలుగో రోజు పొద్దున పోయింది.

ఆ ఫోన్ తర్వాత వనపర్తి కాలేజీకి వెళ్తే, గుమాస్తా పుస్తకం తెరిచి, బంధుత్వం అన్న గడిలో రాయమన్నాడు. మరిది అని రాశాను. మేడం వేరే ఊరికి వెళ్లిపోయిందట. సర్టిఫికెట్ మీద వదిన పేరు, కింద మార్కులు అంకెల్లో, పక్కన అక్షరాల్లో కూడా ఉన్నాయి. దాన్ని తువ్వాలలో చుట్టుకుని పెబ్బేరు బస్సెక్కాను. పక్క సీటు ఖాళీగా ఉంటే తువ్వాల అక్కడ పెట్టాను. కండక్టరు అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్నే, అడగలేదు. ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో సంతలో నా ఎద్దులు ఇంకా పడుచువయ్యాయి, నా కథల్లోని వరదలు ఇంకా ఎత్తు పెరిగాయి, మా అన్నయ్య కొట్టిన పాము చెయ్యంత లావు నుంచి తొడంత లావుకు వచ్చింది. కాలం గడిచిన కొద్దీ నా నోట్లో పడ్డవన్నీ పెరుగుతూనే ఉన్నాయి, ఆ ఒక్క అంకె మాత్రం అరవై రెండు దగ్గరే నిలబడిపోయింది.