చెల్లెలి వరుసలు

2002. గుడివాడలో కాలువ పక్కనున్న డీటీపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను. వానాకాలపు మబ్బు వెలుతురు గదిలోకి వస్తుంటే, తెర మీది అక్షరాలు నీళ్ళలో తేలుతున్నట్టుండేవి.

మోపిదేవి దగ్గరి పల్లె నుంచి సరోజినిగారు తన పాటలు పుస్తకంగా వేయించడానికి వచ్చారు. సంగీతం టీచరుగా రిటైరయ్యారు. అవి చిన్నప్పుడు ఆవిడా చెల్లెలూ కలిసి పాడుకున్న పాటలు. చెల్లెల్ని దివిసీమ ఉప్పెన తీసుకుపోయింది.

ఆవిడ రాతప్రతిలో ఉన్నట్టే వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ వదిలి నేను టైపు చేసిన ఫైలును బందరు ప్రెస్సువాళ్ళు పేజీలుగా కూర్చి వెనక్కి పంపారు. చివరిసారి సరిచూడటానికి కంపేర్ టూల్ తెరిచాను. రెండు ఫైళ్ళను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్న వరుసలకు రంగు వేసే ప్రోగ్రాం అది. ఖాళీ వరుసలను పట్టించుకోవద్దనే ఆప్షన్ ఎప్పుడూ పెట్టే ఉంచేవాళ్ళం. లేకపోతే అక్కర్లేని రంగులతో తెర నిండిపోయేది.

ఒక్క పాటలోనే రంగు కనిపించింది. సరోజినిగారే ప్రెస్సువాళ్ళకు చెప్పి అక్కడ 'పడవ'ను 'నావ'గా మార్పించారు. అది సరే. కానీ ఆ మాటకు పైనా కిందా ఉండాల్సిన ఖాళీ వరుసలు కూడా పోయినట్టు చూపిస్తోంది. వదిలెయ్యమన్న ఖాళీలను ఇక్కడెందుకు చూపిస్తోంది?

ఆప్షన్ తీసేశాను. ఒక పాట తర్వాత మరో పాటలోకి రంగు పాకింది. ప్రెస్సులో ఖాళీలన్నీ తీసేశారు. తేడా ఉన్నచోట ఒట్టి ఖాళీలే ఉంటే టూల్ దాచేసింది. పక్కనే ఒక మాట కూడా మారితే మొత్తం చూపించింది.

సరోజినిగారు నా పక్కనే కూర్చున్నారు. "ఖాళీలు పోయాయండీ," అన్నాను.

"అవి ఖాళీలు కాదమ్మా. ఒక వరుస నేను పాడితే, తర్వాతది మా చెల్లి అందుకునేది. దాని వరుసలన్నీ గుర్తే. రాయడానికే చెయ్యి రాలేదు."

సన్నగా ఒక వరుస పాడి ఆగారు. కళ్ళు మూసుకుని తల ఊపారు, ఎవరో అందుకున్నట్టు. తర్వాత మళ్ళీ పాడారు. ఆ ఆగినంతసేపూ నాకూ ఏదో వినిపించినట్టే అనిపించింది.

ప్రెస్సుకు ఫోన్ చేశాను. "అచ్చు ప్లేట్లు చేసేశారా అండీ?"

"ఇప్పుడే మొదలెడుతున్నామండీ. ఖాళీలేగా, పేజీ నిండుగా ఉంటుందని కలిపేశాం."

"ఆపండి. వాటిలో ఒకమ్మాయి పాడుతోంది."

"మీ ఫైలు పంపండమ్మా. మళ్ళీ పెడతాం."

పుస్తకం వచ్చాక సరోజినిగారు ఒక పేజీ తెరిచి, తెల్లగా ఉన్నచోట వేలు ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయారు.

అప్పట్నుంచి తెర మీద 'తేడాలు లేవు' అని కనిపిస్తే, దేన్ని చూడవద్దని టూల్‌కు నేనే చెప్పానో ముందు గుర్తు చేసుకుంటాను.