వణికిన ఇంజనూ... సత్తిబాబు అంకులూ

మా చిన్నప్పుడు... కువైట్‌లోని హవల్లీలో మేముండే ఫ్లాటులో, నాన్న గరాజు నుంచి రాగానే అమ్మ ముందు ఆయన ముఖం చూసేది, ఆ తర్వాతే మంచినీళ్లిచ్చేది. ఆ రోజు గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది. నాన్న చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి, "కఫీలు నన్ను హరామీ అన్న్యాడు. నెల దాటితే ఇఖామా ఖలాసంట" అన్నాడు.

కఫీలంటే నాన్నకు వీసా ఇచ్చిన గరాజు యజమాని. హరామీ అంటే దొంగ. ఆ మాట తెలియని మనవాళ్లు కువైట్‌లో ఉండరు. ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి, అది పోతే నాన్న పనీ, నా బడీ, మా ఫ్లాటూ అన్నీ పోతాయి...

సంగతేమిటంటే, మా నాన్న రాయచోటి మనిషి, పెద్ద ఇంజన్ల మెకానిక్. కఫీలుకు వాళ్ల నాయన వాడిన పాత అమెరికా కారొకటి ఉండేది. దాని ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు పాడైంది. పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే గుండ్రంగా తిరిగే ఇరుసే క్రాంకు. కొత్తది ఎక్కడా దొరకలేదు. అదే రకం ఇంజన్ ట్రక్కులకు కూడా వచ్చేదని నాన్నకు తెలుసు. సక్రాబుకు, అంటే పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే చోటికి వెళ్లి, ఒక ట్రక్కు క్రాంకు తెచ్చి కారులో బిగించాడు. కొలతలన్నీ సరిపోయాయి... తీరా స్టార్టు చేస్తే బండి చలిజ్వరం వచ్చినట్టు వణికింది.

కఫీలుకు అనుమానం పట్టుకుంది. మంచి క్రాంకు ఎవరికో ఇచ్చేసి, ఎక్కడో దొంగిలించిన తుక్కు తన కారుకు వేశాడని.

"నేను విన్న్యా, నాకంతా తెల్సు అంటాడు. ఎవురు జెప్పినారో యేమో" అన్నాడు నాన్న.

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇంకెవురు, ఆ సత్తిబాబే. తియ్యగా మాట్లాడేటోళ్లను నమ్మగూడదని నేను మొదట్నించీ జెప్తానే ఉండా."

సత్తిబాబు అంకుల్‌ది గోదావరి వైపు. మా బిల్డింగులోనే ఒక గదిలో ఉండేవాడు. గరాజులో కాగితాల పని ఆయనది. అరబ్బీ బాగా వచ్చు, కఫీలు పక్కనే కూర్చుంటాడు, నాన్న మాటల్ని కఫీలుకు చెప్పేది కూడా ఆయనే... ఇంకేం కావాలి మాకు? అనుమానం మా ఇంట్లో అన్నంలో ఉప్పులాంటిది, లేనిదే ముద్ద దిగదు. ఆయన అంతకు ముందు వారం ఊరి నుంచి తెచ్చిచ్చిన పూతరేకుల డబ్బాను అమ్మ అలాగే గడప బయట పెట్టేసింది. నేనూ తక్కువ తినలేదు. ఆయన మెట్ల దగ్గర ఫోనులో మాట్లాడుతుంటే తలుపు సందులోంచి చెవులు రిక్కించి విన్నాను. వాళ్ల అమ్మకు మోకాళ్ల నొప్పులట. అది కూడా నాటకమే అనుకున్నాను.

నాన్న మాత్రం తిండి మానేసి ఇంజన్ గురించే ఆలోచించాడు. రెండో రోజు పొద్దున్నే లేచి కూర్చుని, "కోడల్ని పిల్చకచ్చి, సారె వాళ్లింట్లోనే వదిలేసినట్టు జేసినా" అన్నాడు. పాత కారు క్రాంకుకు, తిరిగేటప్పుడు వణక్కుండా, బరువు దానిలోనే సరిచూసి ఉంటుందట. తర్వాత వచ్చిన ట్రక్కు క్రాంకుకు అలా కాదు... ముందుండే డ్యాంపర్ అనే చక్రమూ, వెనకుండే ప్లేటూ కొంత బరువు మోస్తాయి. ఆ రెండూ ట్రక్కు దగ్గరే వదిలేసి, క్రాంకు ఒక్కటే తెచ్చాడు నాన్న.

ఒక్క అవకాశం ఇమ్మని కఫీలును బతిమాలాడు. అరబ్బీ మాట్లాడటానికి సత్తిబాబు అంకుల్ వద్దనుకుని, శుక్రవారం నన్ను వెంటబెట్టుకెళ్లాడు. కఫీలు కూడా సక్రాబుకు వచ్చాడు, దొంగను అక్కడే పట్టుకుందామని. సక్రాబు యజమాని మా నాన్నను చూడగానే గుర్తుపట్టి, క్రాంకు తానే ఇచ్చానన్నాడు. కఫీలు నమ్మలేదు... ఇద్దరూ కలిసిపోయారనుకున్నాడు.

గరాజుకొచ్చి డ్యాంపరూ ప్లేటూ మార్చి, నాన్న తాళం తిప్పాడు. వణుకు లేదు. ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లనీళ్లతో, "బాగ... ఇప్పుడు చానా బాగ ఉండాది" అన్నాడు.

కఫీలు నా వైపు తిరిగాడు. "విన్నావా, మళ్లీ బాగ్ అంటున్నాడు. క్రాంకు తెచ్చిన రోజు కూడా సక్రాబ్, బాగ్, బాగ్ అని వాడే అన్నాడు."

నాకు అప్పుడు అర్థమైంది. కువైటీల మాటలో బాగ్ అంటే 'దొంగిలించాడు'. కింది ఇంటి పిల్లలతో పెన్సిళ్ల కోసం కొట్లాడుతూ నేర్చుకున్న మాట అది. "మా భాషలో బాగ అంటే జేన్, మంచిది" అని ఏడుస్తూ చెప్పాను. ఆయన కాసేపు నమ్మలేదు. గరాజులో ఉన్న కడపోళ్లను ఒక్కొక్కరినీ పిలిచి అడిగాడు. అందరూ అదే చెప్పాక పగలబడి నవ్వి, నాన్న వీపు తట్టాడు. ఇఖామా నిలబడింది.

ఆ సాయంత్రమే నాన్న నన్ను తీసుకుని సత్తిబాబు అంకుల్ గదికి వెళ్లాడు. "తప్పయిపాయ. మనసులో పెట్టుకోగాకు" అన్నాడు.

"అబ్బే, పర్లేదండి. మీరు కూర్చోండి" అన్నాడు ఆయన.

అంతకు ముందు ఆయన నాన్నను ఎప్పుడూ మీరు అనలేదు. "ఏం బావా, తిన్నావా?" అనేవాడు. కొన్నాళ్లకు దూరంగా ఎగైలా అనే చోట వేరే పని చూసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఫోను ముందు మాట్లాడితే చాలు, అరబ్బీ తెలుగైపోతుంది. అప్పుడే అదుంటే ఎంత బాగుండేదో అనుకునేదాన్ని... ఈమధ్య అలా అనుకోవడం లేదు. కఫీలు కనీసం ఒక మాట విని పొరపాటు పడ్డాడు. మేము ఏ మాటా వినకుండానే ఆ మనిషిని ద్రోహిని చేశాం. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మీ ఇంట్లోనూ ఇలా ఊరికే దూరం చేసుకున్న మనిషి ఉన్నారా... పేరు వద్దులెండి. వాళ్లు మిమ్మల్ని ఏమని పిలిచేవారో, అది రాయండి చాలు.