చిలకపచ్చ తలుపు ఇల్లు

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మేమున్న లైన్లో పన్నెండు బొగ్గుగని కంపెనీ క్వార్టర్లు... అన్నిటికీ ఒకటే సున్నం, ఒకటే గోధుమరంగు తలుపు. కొత్తవాళ్లు తికమక పడితే సరే అనుకోవచ్చు, మా బాపు సంగతి వినండి.

ఒకరోజు ఫస్టు షిఫ్టు దిగి, చేతిలో టిఫిన్ డబ్బాతో వచ్చి, నులక మంచం మీద వాలిపోయాడు. చాయ్ చేతికొచ్చింది. కళ్లు మూసుకునే రెండు గుక్కలు తాగి, "ఏందే, ఇయ్యాల చక్కెర గింతేసినవ్?" అన్నాడు.

"మా ఇంట్ల గంతే ఏస్తం అన్నా. తాగి పో, మీ ఇల్లు పక్కది" అంది మల్లక్క.

అవును... బాపు పక్కింట్లో దూరాడు! మల్లక్క ఈ ముచ్చట నల్లా దగ్గర చెప్పాక ఇక ఆగుతుందా? సాయంత్రానికి లైనంతా నవ్వులే. మా అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మర్నాడే రంగు డబ్బా తెప్పించి, కొంగు నడుముకు చుట్టి, మా తలుపుకు తనే చిలకపచ్చ రంగేసింది. "ఇగ తప్పిపోతే అన్నం పెట్ట" అని బాపుకు వార్నింగ్ కూడా!

అది చూసి మల్లక్క పసుపు రంగేసింది. కోస్తా నుంచి వచ్చిన చివరింటి టీచరమ్మ నీలం వేసింది... నెల తిరిగేసరికి ఏ రెండు తలుపులూ ఒక్కలా లేవు. చుట్టాలకు ఇంటి నంబర్ చెప్పేవాళ్లం కాదు, రంగు చెప్పేవాళ్లం.

తర్వాత ఒక్కొక్కరే రిటైరయ్యారు... మేమూ మంచిర్యాలకు మారాం. క్వార్టర్లు ఖాళీ పడి, పిచ్చిచెట్లు మొలిచాయి. ఈమధ్య వాటిని బాగుచేసి, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లకు ఇస్తున్నారని తెలిసింది. ఇక అమ్మది ఒకటే పోరు... "నా తలుపు ఉన్నదో లేదో ఒక్కసారి సూపియ్యే బిడ్డా!"

వెళ్లాం. లైన్ కళకళలాడుతోంది. కొత్త రోడ్డు, లైట్లు, పిల్లల సైకిళ్లు... కానీ తలుపులన్నీ మళ్లీ గోధుమరంగే! అమ్మ ముఖం చిన్నబోయింది. నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

"మనిల్లు నాకెరుక లేదా ఏంది?" అంటూ బాపు ముందు నడిచి, ధీమాగా ఒక తలుపు తట్టాడు.

అది ఒకప్పటి మల్లక్క ఇల్లు! ఇన్నేళ్లయినా మనిషి మారలేదు.

తలుపు తీసిన అమ్మాయి కథంతా విని పడీపడీ నవ్వింది. "మా ఆయన గూడ మొన్న గిట్లనే పక్కింట్లకు పోయి బూట్లు ఇప్పిండవ్వా!" అంటూ చాయ్ పెట్టింది. "ఏ తలుపుకు ఏ రంగుండెనో చెప్పు. అందరం గట్లనే ఏస్కుంటం. ఆఫీసుల నేనడుగుత."

పోయినవారం ఫోటో పంపింది. మా తలుపు చిలకపచ్చ... దాని పక్కనే పసుపు! అమ్మ నా ఫోన్ తిరిగివ్వడం లేదు.

ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంట్‌లో పక్కింటి తలుపు ఏ రంగో నాకే తెలియదు. పొరపాటున దూరితే చాయ్ ఇస్తారన్న నమ్మకమూ లేదు...

అమ్మకు ఏడు తలుపులే గుర్తున్నాయి. మిగతా ఐదిళ్లవాళ్లూ... ఎక్కడున్నారో ఏమో, ఇది మీ కంటబడితే మీ తలుపు ఏ రంగో కింద రాయండి. అక్కడ ఆ అమ్మాయి బ్రష్షు పట్టుకుని కూర్చుంది!